చిత్రిక మెషిను సాక్ష్యం

వడ్రంగి షెడ్డు నుంచి,
సోమవారం

ప్రియమైన అక్కకు,

ప్రభువు నామంలో నీ తమ్ముడు, మరదలు చెప్పుకునే వందనాలు. ఇక్కడ అందరం బాగున్నాం. నీ మరదలికి మోకాలి నొప్పి తగ్గింది. నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

ఆ పరాయి దేశంలో మీ ప్రార్థన గదికి అధికారులు సీలు వేశారని నువ్వు రాసిన ఉత్తరం చదివాక ఆ రోజంతా పని చేయలేకపోయాను. ఆదివారం దాన్ని తీసుకెళ్లి పాస్టరుగారి చేతిలో పెట్టాను. ఆయన సంఘం ముందు పైకి చదివారు. అక్కా, గుడిలో ఏడవనివాళ్లు లేరు. నీ కోసం వంతులవారీగా గొలుసు ప్రార్థన పెట్టాం. ముందు బెంచీ పెద్దమ్మగారైతే ఉపవాసం కూడా మొదలుపెట్టింది. ఆవిడకి షుగరు ఉంది, వద్దంటే వినలేదు.

ఇంకో చిన్న సంగతి. మా షెడ్డు గోడ అవతల పాత గోడౌను ఉంది కదా. అందులో కొంతకాలంగా ముస్లింలు నమాజు చేసుకుంటున్నారు. మధ్యాహ్నం పూట అక్కడి నుంచి వచ్చే రొద భరించలేకపోతున్నాం, వాళ్ల అనుమతి రద్దు చేయండి అని మా సంఘం కమిటీ మున్సిపాలిటీకి అర్జీ పెట్టింది. గోడ పక్కన ఉండేది నేనే కాబట్టి సాక్షిగా నా పేరు రాశారు. త్వరలో విచారణకి పిలుస్తారట. అది ఖాళీ అయితే సండే స్కూలుకి తీసుకుందామని కమిటీ ఆలోచన. పిల్లలు పాపం వరండాలో ఎండకి మాడుతున్నారు.

నేను ధైర్యంగా సాక్ష్యం చెప్పేలా ప్రార్థించు.

నీ తమ్ముడు
చంటి


ఆసుపత్రి బట్టల గది నుంచి,
దుప్పట్లు ఆరేలోపు

చంటీ,

వందనాలు అందాయి. అట్టడుగున పెట్టిన చిన్న సంగతి కూడా అందింది. మరదలి మోకాలి తర్వాత, పెద్దమ్మగారి షుగరు తర్వాత, ఒక ఊరి జనం ప్రార్థన చేసుకునే చోటు మూయించే సంగతి. దాన్ని చిన్నది అని రాయడానికి నీకు చేతులెలా వచ్చాయి?

ఫోను చేద్దామనుకున్నాను. నీకు నచ్చని మాట మొదలవగానే "సరిగ్గా వినపడటంలేదక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరానికి ఆ వెసులుబాటు లేదు. కూర్చుని చివరిదాకా చదువు.

మొదటి మాట. నా ఉత్తరం సంఘంలో చదివించడానికి నన్నెవరైనా అడిగారా? పోనీ, చదివారు. చివర రాసిన మాటలు కూడా చదివారా? "మా గది మూసినవాళ్ల మీద ద్వేషం పెంచుకోకండి, ఇక్కడ వాళ్ల మతంవాళ్లే మాకు అన్నం పెడుతున్నారు" అని రాశాను. అవి చదివాక కూడా ఏడ్చారా, లేక అక్కడిదాకా రాకుండానే ఏడుపు సరిపోయిందా?

రెండో మాట. ఏ రొద? పుట్టినప్పటి నుంచి నిన్ను చూస్తున్నదాన్ని. రాత్రనక పగలనక ఆ చిత్రిక మెషిను పక్కన నిలబడి నీకు చెవులు సగం పోయాయి. పక్కన కూర్చుని పిలిచినా "ఆఁ?" అంటావు. అలాంటిది గోడవతల నమాజు నీకు వినపడిందా? అది ఎలా వినపడిందో నాకు రాయి. మా ఆసుపత్రి చెవుల డాక్టరుకి చూపిస్తాను, ఆయన సంతోషిస్తాడు.

ధైర్యం కోసం ప్రార్థించమన్నావు. దేనికి ధైర్యం అనేది మాత్రం రాయలేదు.

అక్క


వడ్రంగి షెడ్డు నుంచి,
వాన వల్ల పని లేదు

అక్కా,

నీ ఉత్తరం చదువుతుంటే చిన్నప్పుడు నువ్వు చెవి మెలిపెట్టిన చోట మళ్లీ మంట పుట్టింది. కోపం తగ్గాక చదువు దీన్ని.

చివరి మాటలు చదవలేదు. టైము చాలలేదని పాస్టరుగారు అన్నారు.

రొద సంగతి. సరే, నీ దగ్గర దాచి లాభం లేదు. అర్జీలో రాసిన రొద నా మెషినుదే. వీధి చివర ఇళ్లవాళ్లకి మధ్యాహ్నం పూట ఏదో హోరు వినపడుతుంది. ఈ వైపు కొత్తగా వచ్చింది నమాజువాళ్లే కాబట్టి వాళ్లదే అనుకున్నారు. కమిటీవాళ్లు అర్జీ రాసేటప్పుడు నన్ను అడగలేదు. రాశాక చూపించారు. అప్పటికే అందరి సంతకాలూ పడ్డాయి. అంత మందిలో లేచి "అయ్యా అది నా మెషినండీ" అని ఎలా అంటాను? నలుగురిలో నగుబాటు.

అయినా అక్కా, అసలు సంగతి రొద కాదు. పాస్టరుగారు నన్ను పక్కకి పిలిచి ఒక్కటే మాట అడిగారు. "బ్రదర్, మీ అక్కగారి ప్రార్థన గదికి తాళం వేసింది వీళ్ల మతంవాళ్లే కదా. వాళ్ల తరఫున మీరు నిలబడతారా?" ఆయన చెడ్డవాడు కాదు. నీ మరదలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మంచం పక్కనుంచి కదలని మనిషి. ఆయన మాట ఎలా తీసేస్తాను?

ఇంకోటి కూడా ఉంది. వాళ్లది సత్యం కాదని నేను నమ్ముతాను. నువ్వూ నమ్ముతావు. సత్యం కాదనుకున్నదాన్ని చల్లగా సాగనివ్వండి అని నేనే వెళ్లి చెప్తే, నా నమ్మకానికి విలువేముంది? ఇది నిజంగా అడుగుతున్నాను, వాదనకి కాదు.

పైగా పాటలు నడిపించేది నేను. కమిటీకి ఎదురు తిరిగినవాణ్ని మైకు ముందు ఎవరు నిలబెడతారు? పాట లేకపోతే నాకు ఆదివారమే లేదని నీకు తెలుసు.

చంటి


నా గది నుంచి,
కిటికీ మూసుకుని

చంటీ,

కోపం తగ్గాక చదవమన్నావు. అది తగ్గేదాకా ఆగితే విచారణ అయిపోతుంది.

నా తాళం. దాని గురించి నేనే చెప్తాను. మేడమీద గది తలుపుకి లక్క ముద్ర వేశారు. ఎర్రగా, నా బొటనవేలంత ఉంటుంది. డ్యూటీకి వెళ్లేటప్పుడు రోజూ దాని కిందనుంచే పోతాను. మేం ఇప్పుడు నా గదిలో కలుస్తున్నాం. ఒక్కొక్కళ్లం వస్తాం, ఒక్కొక్కళ్లం పోతాం. పాట పెదాలతోనే పాడతాం, గొంతు రానివ్వం. నువ్వు పాట పోతుందని భయపడుతున్నావు చూడు, ఆ పాట ఇక్కడ ఎప్పుడో పోయింది. ఇదంతా మొదటి ఉత్తరంలో రాయలేదు, నువ్వు దిగులు పడతావని. రాయకపోవడమే మేలైంది. రాసి ఉంటే అది కూడా మైకులో చదివి, ఆ ఊపులో ఇంకో అర్జీ పెట్టేవాళ్లు.

ఆ తాళం నాది. దాన్ని తీసుకెళ్లి ఇంకొకళ్ల తలుపుకి వేయడానికి మీకు ఎవరిచ్చారు? ఇక్కడ మమ్మల్ని బయట పెట్టినవాళ్లని మీరు కనీసం ఎరగరు. గోడవతల ఉన్నవాళ్లు మిమ్మల్ని ఏమీ అనలేదు. ఇక్కడివాళ్లు చేసినదానికి అక్కడివాళ్లకి శిక్ష వేస్తే నాకు ఊరట కలుగుతుందని మీ పాస్టరుగారికి ఎవరు చెప్పారు? నాకు ఒంటికి కారం పూసినట్టుంది.

ఇప్పుడు ఇంకో మనిషి గురించి రాస్తాను. మా ప్రార్థన గది కింద సైకిల్ షాపు ఉంది. షాపాయన కూడా ముస్లిమే. మంచివాడు. నా సైకిలుకి పంక్చరు పడితే తన పని ఆపి వేస్తాడు. మా పాటలు ఆయన నెత్తి మీదే సాగేవి, ఒక్కరోజు విసుక్కోలేదు. గది మూసే ముందు అధికారులు ఆయన్ని కూడా అడిగారు, వీళ్ల వల్ల నీకేమైనా ఇబ్బందా అని. ఆయన నీళ్లు నమిలాడు. ఉందనలేదు, లేదనలేదు. "నాకు తెలియదండి" అన్నాడు. తెలియదని రాసుకుని వెళ్లారు, మర్నాడు ముద్ర వేశారు. ఇప్పుడు నేను కనపడితే తలొంచుకుని చక్రం తిప్పుతుంటాడు, అందులో పంక్చరు ఉన్నా లేకపోయినా.

నీ ఉత్తరం చదివితే నాకు ఆయనే కనిపించాడు. నాకు ఆయన మీద కోపం రావడం లేదు చంటీ. నీ మీద వస్తోంది. నువ్వు నా తమ్ముడివి.

సత్యం సంగతి అడిగావు. నాకు పెద్ద చదువు లేదు. ఒకటి తెలుసు. మా గది మూసినవాళ్లు కూడా మాది సత్యం కాదనే నమ్ముతున్నారు. చాలా గట్టిగా నమ్ముతున్నారు. వాళ్ల తప్పు నమ్మడంలో లేదు, లక్క ముద్రలో ఉంది. నీకు ముల్లాగారో, ఇంకొకరో, అక్కడెవరుంటే వాళ్లతో సత్యం మాట్లాడాలని ఉంటే, గోడ దాటి వెళ్లి మాట్లాడు. మున్సిపాలిటీని మధ్యలో పంపించకు. తలుపు మూసి ఉంటే నీ సత్యం ఎవరికి చెప్తావు?

ఏడేళ్ల వయసు నుంచి గుడిలో సాక్ష్యం చెప్తున్నావు. ఇన్నాళ్లకి ఒకచోట నిజంగా దాని అవసరం పడితే గొంతు పట్టుకుందా?

అక్క


ఇంటి నుంచి, షెడ్డు నుంచి కాదు

అక్కా,

నీ ఉత్తరం నాకంటే ముందు నీ మరదలు చదివింది. చదివి, షెడ్డుకొచ్చి, మెషిను స్విచ్చి ఆపేసింది. "ఏమైంది?" అంటే "విను" అంది. గోడకి చెవి పెట్టాను, నాకు అందనివి తను చెప్పింది. అవతల వంగి లేచే చప్పుడు, బట్టల చప్పుడు, ఒక ముసలాయన దగ్గు. అంతే. మా సంఘంలో ప్రసంగం నడుస్తుంటే ఇంతకంటే ఎక్కువ గురక వినపడుతుంది.

అక్కడి పెద్దాయన్ని అందరూ మాస్టారు అంటారు. లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. కొత్తలో ఒకసారి షెడ్డుకొచ్చి, "మీరు రోజూ భోజనానికి ఎప్పుడు ఆపుతారు?" అని అడిగాడు. నా భోజనంతో ఈయనకేం పని అని విసుక్కుంటూనే చెప్పాను. ఎందుకడిగాడో మొన్ననే తెలిసింది. నేను మెషిను ఆపే వేళ చూసుకుని వాళ్ల శుక్రవారం ప్రసంగాన్ని ఆ వేళకి జరుపుకున్నారట. నన్ను ఆపమని అడగలేదు. వాళ్లే జరిగారు. ఇంతకాలం రొద భరించింది వాళ్లు, అర్జీ పెట్టింది మేము.

ఇది తెలిశాక ఇంకా ఇబ్బందిగా ఉంది. విచారణ రోజు దగ్గర పడింది. నీతో దాపరికం ఎందుకు, ఆ రోజు ఒంట్లో బాగా లేదంటే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. అబద్ధం చెప్పినట్టూ ఉండదు, ఎవరి మనసూ నొప్పించినట్టూ ఉండదు.

చంటి


బట్టల గది నుంచి

చంటీ,

జ్వరం తెచ్చుకున్నావంటే సెలవు పెట్టి వస్తాను. దుప్పటి లాగేసి మరీ విచారణకి తీసుకెళ్తాను. అంతమందిలో అక్క చెవి పట్టుకుని నడిపించడం కంటే మెషిను నాదేనని చెప్పుకోవడమే తక్కువ నగుబాటు.

ఇంతకంటే రాయడానికి నాకు ఓపిక లేదు.

అక్క


వడ్రంగి షెడ్డు నుంచి,
మెషిను ఆపాల్సిన వేళ

అక్కా,

జ్వరం రాలేదు. వెళ్లాను.

విచారణ గదిలో ఒక పక్కన పాస్టరుగారు, కమిటీవాళ్లంతా. ఇంకో పక్కన మాస్టారు ఒక్కడే, గొడుగు పట్టుకుని. పాస్టరుగారు నన్ను చూసి నవ్వారు. బల్ల అవతల అధికారి మేడం కాగితాలు తిరగేసి, "సాక్ష్యం చెప్పండి" అంది.

అక్కా, తప్పు ఆ మాటది. అది చెవిన పడగానే నా కళ్లు వాటంతటవే మూసుకున్నాయి, చేతులు కట్టుకున్నాయి. "ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నేను ఘోర పాపినై, దారి తప్పి తిరుగుతుండగా..." అని ఎత్తుకున్నాను. మేడం "ఎక్కడ తిరుగుతుండగా?" అంది. కళ్లు తెరిచేసరికి అంతా నన్నే చూస్తున్నారు. ఈలోపు టైపు కొట్టే ఆయన కొట్టేశాడు. "సాక్షి తాను ఘోర పాపినని అంగీకరించెను." తీసేయమని బతిమాలాను. చెప్పింది తీయడం కుదరదన్నాడు. మున్సిపాలిటీ రికార్డులో నేను ఇప్పుడు అధికారికంగా పాపిని.

తర్వాత మేడం నెమ్మదిగా అడిగింది. "గోడవతల నుంచి మీకు రొద వస్తుందా?"

"రాదండి. రొద నాదండి. నా చిత్రిక మెషినుది. మా వాళ్లు పొరపాటు పడ్డారు. పొరపాటని తెలిసి కూడా నేను నోరు మూసుకున్నాను."

వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. నేను తిరిగి చూడలేదు.

"అయితే వాళ్ల ప్రార్థన వల్ల మీకు ఇబ్బందేమీ లేదన్నమాట" అంది.

అక్కడ "లేదండి" అని దిగిపోతే పోయేది. నిజం చెప్పడానికి వచ్చినవాణ్ని, సగం చెప్పి ఎలా దిగను? "ఉందండి" అన్నాను. మాస్టారు తలెత్తి చూశాడు.

"వాళ్లు మా ప్రభువుని నమ్మరండి. మాస్టారు చాలా మంచి మనిషి. ఆయన నమ్మకపోవడం నాకు నిజంగా ఇబ్బందేనండి. కానీ అది నేను ప్రభువుకి చెప్పుకునే ఇబ్బంది. మున్సిపాలిటీకి చెప్పుకునేది కాదు. రేపు వాళ్లే రొద చేశారనుకోండి, రొద ఆపమనండి. ప్రార్థన ఆపమనకండి. తాళం వేసి ఎవర్నీ నమ్మించలేమండి. మా అక్క గదికి తాళం వేశారు. ఆవిడ ఇంకా గట్టిగా నమ్ముతోంది, పైగా నామీద కేకలేస్తోంది."

మేడం నవ్వు ఆపుకుంది. టైపు ఆయన అది కూడా కొట్టాడు. అంటే నువ్వు కూడా రికార్డులో ఉన్నావు.

తీర్పు ఈ వారం వచ్చింది. వాళ్ల అనుమతి అలాగే ఉంటుంది. నేను మాత్రం మధ్యాహ్నం కొంతసేపు మెషిను ఆపాలి. అర్జీ పెట్టింది మావాళ్లు, నోటీసు వచ్చింది నాకు. ఇంతకంటే బాగా ఎవరైనా ఇరుక్కుంటారా?

ఆ రోజు బయటికొచ్చాక మాస్టారు గొడుగు విప్పి, "నిజంగానే నేను మీకు ఇబ్బందేనా?" అన్నాడు. "అవును మాస్టారూ" అన్నాను. "మంచిది. నాకు మీరూ అంతే. నేను కూడా పైవాడికి మీ గురించే చెప్పుకుంటున్నాను" అన్నాడు. ఇద్దరం ఒకే గొడుగు కింద టీ కొట్టుదాకా నడిచాం. సత్యం గురించి మాట్లాడుకున్నాం. ఎవరూ ఒప్పుకోలేదు. మళ్లీ కలుద్దామన్నాడు.

మిగతా అంతా మామూలే.

చంటి

వదినా, ఇది నేను. మిగతా అంతా మామూలే అని ఈయన ఎలా రాశారో చూడండి. పాటలు నడిపించే పని తీసేశారు. పాస్టరుగారు మంచిగానే చెప్పారు, "కొంతకాలం విశ్రాంతి తీసుకోండి బ్రదర్" అని. మొదటి ఆదివారం ఈయన గుమ్మం దగ్గరే నిలబడిపోయారు, ఎక్కడ కూర్చోవాలో తెలియక. ముందు బెంచీ పెద్దమ్మగారు తప్ప ఎవరూ పలకరించలేదు. ఇద్దరం వెనక బెంచీలో కూర్చుంటున్నాం. ఆ బెంచీలన్నీ ఈయన చేసినవే కదా, వీపు మరీ నిటారుగా ఉందని ఇప్పుడు తెలిసిందట. పెళ్లైన దగ్గర్నుంచి నేను చెప్తూనే ఉన్నాను. పాట వచ్చినప్పుడు మాత్రం ఈయన గొంతు అక్కడినుంచే ముందుదాకా వినపడుతోంది. దాన్ని ఎవరూ ఆపలేకపోతున్నారు.

మీ మరదలు


నా గది నుంచి,
కిటికీ కాస్త తెరిచి

చంటీ,

మిగతా అంతా మామూలేనా? నా దగ్గర దాచావు. మరదలు లేకపోతే నాకు తెలిసేదే కాదు. నీ మీద కోపం తీరిందనుకున్న రోజే మళ్లీ తెప్పించావు. నిన్ను విచారణకి తరిమింది నేను, నీ పాట పోయింది. నాకు ఏడుపొచ్చింది. అది కూడా నీ మీద కోపంగానే రాస్తున్నాను, నాకు ఇంకోలా రాయడం రాదు.

మా వాళ్లకి నీ ఉత్తరం చదివాను. ఈసారి ఒక్క మాట కూడా వదల్లేదు, మరదలు రాసింది కూడా. ఘోర పాపి దగ్గరికి వచ్చేసరికి నోళ్లకి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఈ గదిలో నవ్వు విని చాలాకాలమైంది. నవ్వు కూడా గట్టిగా నవ్వకూడదని మాకు అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు సైకిలుకి గాలి కొట్టించడానికి వెళ్లాను. షాపాయన ఎప్పటిలాగే తలొంచుకున్నాడు. నేను వెళ్లిపోకుండా, మా తమ్ముడు ఒకడున్నాడు అని మొదలుపెట్టి, గోడ సంగతి, మెషిను సంగతి, మాస్టారి సంగతి అంతా చెప్పాను. ఆయన్ని ఒక్క మాట కూడా అనలేదు. పంపు పట్టుకుని అలాగే విన్నాడు. గాలి కొట్టడం మర్చిపోయాడు.

"తర్వాత మీ తమ్ముడికి ఏమైంది?" అని అడిగాడు.

వెనక బెంచీలో కూర్చోబెట్టారు అని చెప్పాను.

ఆయన తలెత్తి మేడమీద తలుపు వైపు చూశాడు. ఆ ముద్ర వేసినప్పటినుంచి ఆయన అటు చూడటం నేను చూడలేదు. చూసి, నెమ్మదిగా అడిగాడు. "ఆ బెంచీ గట్టిదేనా అమ్మా, ఇంకొకళ్లని కూడా మోస్తుందా?"

గట్టిదేనని చెప్పాను. వీపు సంగతి చెప్పలేదు.

అక్క